ఎడమ కంటి చుక్క

నా చిన్నప్పుడు మేము చిలకలగూడలో అద్దెకుండేవాళ్లం. విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది, నాన్నగారు రైల్వేలో గుమస్తా. ఇప్పుడు సీరియళ్లలో నన్ను చూసేవాళ్లు, ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లలు అందరూ అడిగేది ఒకటే: గ్లిజరిన్ లేకుండా అంత సులువుగా ఎలా ఏడుస్తారండీ అని. దేవుడిచ్చిన వరం అని నవ్వేసి ఊరుకుంటాను. అది అబద్ధం. ఏడవడం నేను ఏడేళ్ల వయసులో పక్కింటి అక్కను చూసి దొంగచాటుగా నేర్చుకున్నాను. ఆ విద్యతో మొట్టమొదట ఏం చేశానో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ పని కాదు మరి.

పక్కింటి అక్క నాటకాల్లో వేషాలు వేసేది. ఆ రోజుల్లో ఆఫీసుల వాళ్లు సరదాగా నాటకం వేసుకుంటే, ఆడవేషానికి మాత్రం బయటి నుంచి నటిని పిలిపించేవారు. అలా పిలుపులు వచ్చే మనిషి ఆమె. రాత్రి చప్పట్లు కొట్టినవాళ్లే పొద్దున వీధిలో ఎదురైతే తల తిప్పుకునేవారు. ఆ గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానని మా అమ్మ నాకు ముందే చెప్పింది. గడప తొక్కలేదు, కిటికీ దగ్గర నిలబడేదాన్ని. అక్క అద్దం ముందు కూర్చుని, రెప్ప వేయకుండా ఒకేచోట చూస్తూ, మెల్లగా గుటక మింగి, కింది పెదవి ఒక్కసారి వణికించేది. అంతే, కళ్లు నిండిపోయేవి. నేను ఇంటికొచ్చి నీళ్ల గోలెంలో ముఖం చూసుకుంటూ అదే చేసేదాన్ని. నెల తిరిగేసరికి పట్టుబడింది.

మమ్మల్ని బడికి తీసుకెళ్లే సైకిల్ రిక్షా ఆయనను రిక్షా తాత అనేవాళ్లం. సాయంత్రం బన్సీలాల్‌పేట్ పిల్లలందరినీ దింపేశాక చివరికి మిగిలేదాన్ని నేనే. ఒకరోజు మా వీధి మలుపులో, రిక్షా ఆగకముందే గొప్పకు పోయి దూకాను. దూకొద్దని ఆయన అరుస్తూనే ఉన్నాడు. మోకాలు చీరుకుపోయింది, మోచెయ్యి కమిలింది, కొత్త గౌను నడుము దాకా చిరిగింది. ఆయన గబగబా దిగి, తన తువ్వాలు చింపి కట్టు కట్టాడు. ఇంటి ముందు దింపి, రిక్షా తిప్పుకుంటున్నాడు.

గడపలో మా అమ్మ. అంతకు వారం ముందే ఇంకొక గౌను చింపి వీపు విమానం మోత మోగించుకున్నాను. అమ్మ చూపు గౌను మీద పడింది. "ఏటే, ఏటయింది?" అంది. నేను ఒకేచోట చూశాను, గుటక మింగాను, పెదవి వణికించాను. రిక్షా తాత కొట్టాడని చెప్పాను.

ఆ తరువాత అంతా నా చెయ్యి దాటిపోయింది. అమ్మ పెట్టిన కేకకు ఇంటి ఓనరు బయటికొచ్చాడు, ఎదురింటి కిరాణా ఆయన కొట్టు వదిలేసి వచ్చాడు, ఎవరో కుర్రాళ్లు వచ్చి రిక్షా చక్రాల్లో గాలి తీసేశారు. ఓనరు రిక్షా తాత చొక్కా పట్టుకుని ఠాణాకు నడవమన్నాడు. జరిగిందేమిటో కూడా తెలియని ఒకడు వెనక నుంచి వచ్చి చెంప మీద కొట్టాడు. తలపాగా మట్టిలో పడింది.

"నేను కొట్టలే సార్. బిడ్డ నడుస్తున్న రిక్షాలకెంచి దుంకింది. నేనే కట్టు కట్టిన," అంటున్నాడు ఆయన. కొట్టి, భయమేసి కట్టు కట్టాడని అన్నారు. కట్టే సాక్ష్యమైపోయింది.

అప్పుడే నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చారు. ఇంట్లో గొంతు పెంచని మనిషి, సంగతి విని కాలి చెప్పు చేతిలోకి తీసుకున్నారు. రిక్షా తాత ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "బిడ్డా, జెర నిజం చెప్పు బిడ్డా. గీళ్లు నన్ను సంపుతరు," అన్నాడు.

నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశమని ఏడేళ్ల పిల్లనైనా నాకు తెలుసు. చెప్పలేదు. పైగా ఇంకా బాగా ఏడ్చాను. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, భయంతో పాటు నాకు ఆనందంగా కూడా ఉంది. అంతమంది పెద్దవాళ్లు నా ముఖమే చూస్తున్నారు. నేను వెక్కితే వాళ్ల పిడికిళ్లు బిగుసుకుంటున్నాయి. ఆ రుచి ఎలాంటిదో ఆ తరువాత స్టేజి ఎక్కిన ప్రతిసారీ తెలిసింది.

జనాన్ని తోసుకుంటూ పక్కింటి అక్క వచ్చింది. నా ముందు గొంతుక్కూర్చుని, నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తన ఏడుపును తాను గుర్తుపట్టింది. నన్ను తిట్టలేదు, అబద్ధమని అరవలేదు. అరిచినా వేషాలు వేసుకునే మనిషి మాట ఆ వీధిలో ఎవరు వింటారు? అందుకే నా చెవి దగ్గరికొచ్చి చిన్నగా మాట్లాడింది.

"మస్తు ఏడుస్తున్నవ్. గానీ రెండు కండ్లకెంచి ఎవలైనా ఏడుస్తరు. ఎడమ కంట్లకెంచి ఒక్క చుక్క తియ్యాలె, కుడి కన్ను తడి కావద్దు. నాకే ఇంతవరకు రాలే. నీతోని అయితదా?"

నా ఏడుపు టక్కున ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు, చెప్పు పట్టుకున్న నాన్న, మట్టిలో నిలబడిన ఆయన, ఎవరూ గుర్తు లేరు. గౌనుకు ముక్కు తుడుచుకుని, తల కాస్త పక్కకు వంచి, ఒకేచోట చూశాను. వీధంతా ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది. ఎడమ కంట్లో నీరు ఊరి, నిలిచి, ఒక్క చుక్క చెంప మీదికి జారింది.

"వచ్చిందక్కా!" అని నవ్వాను.

ఎవరూ నవ్వలేదు. నాన్నగారి చేతిలోని చెప్పు కింద పడిన చప్పుడు విన్నాను. ఓనరు చొక్కా వదిలేశాడు. కుర్రాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. నాన్నగారు చేతులు జోడించి ఏదో అనబోతే, చిన్నపిల్ల కదా సార్ అన్నట్టు రిక్షా తాత చెయ్యి ఊపాడు. అక్క మట్టిలోంచి తలపాగా తీసి, దులిపి ఆయన చేతికిచ్చింది. తరువాత నా వైపు తిరిగి, "స్టేజి సామాను స్టేజి మీదనే ఉంచాలె. ఇంటికి తెస్తే గిట్లనే ఎవలిదో కొంప మునుగుతది," అంది. ఆయన గాలి లేని రిక్షాను తోసుకుంటూ వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం ఈ విద్య నేర్పింది నువ్వేనంటూ అక్కతో ఆరునెలలు మాట్లాడలేదు.

మర్నాడు రిక్షా తాత మామూలుగానే వచ్చాడు. రాక ఏం చేస్తాడు, కడుపు ఉంది కదా. కానీ ఆ సాయంత్రం నన్ను దింపి వెంటనే వెళ్లలేదు. అమ్మను బయటికి పిలిచి, నన్ను ముందుకు నిలబెట్టి, "బిడ్డను మంచిగ సూస్కోండమ్మా, యాడ దెబ్బ లేదు," అన్నాడు. అమ్మ సిగ్గుపడి, అక్కర్లేదు బాబూ అంది. వినలేదు. అమ్మ నా చేతులూ మోకాళ్లూ చూసేదాకా కదల్లేదు. ఆ మర్నాడూ అంతే. మూడేళ్లపాటు ప్రతి సాయంత్రం అంతే.

పెద్దయ్యాక నాటకాలు వేశాను, సినిమాల్లో చిన్నా చితకా వేషాలు, ఆ తరువాత సీరియళ్లు. కెమెరా ముందు ఎంత అడిగితే అంత ఏడ్చాను. ఇంట్లో మాత్రం కన్నీళ్లతో దేన్నీ గెలవలేదు. నా కాపురం విడిపోయే రోజున రాంగోపాల్‌పేట్‌లో మా అత్తగారింట్లో పెద్దలు కూర్చున్నారు. అత్తగారు కొంగు నోట కుక్కుకుని ఏడుస్తున్నారు. రెండు చుక్కలు రాలిస్తే చాలు, ఆ గది మొత్తం నా వైపు తిరుగుతుందని నాకు తెలుసు. జరిగింది జరిగినట్టు పొడి కళ్లతో చెప్పాను. రాతిగుండె అన్నారు. నటికి ఇల్లెందుకు అని కూడా అన్నారు. నాకు పొగరని పరిశ్రమలోనూ పేరుంది. ఉండనీ. మా అమ్మాయి, నీకు అసలు ఏడుపే రాదా అమ్మా అని అడిగినప్పుడు మాత్రం కష్టంగా అనిపించింది.

నా ఐదో తరగతి ఆఖరి రోజు సంగతి ఒకటి చెప్పాలి. మరుసటి ఏడాది నుంచి నడిచి వెళ్లే బడి, ఇక రిక్షా అక్కర్లేదు. తాతా, నాది తప్పు అని చెప్పాలని దారంతా మనసులో అనుకుంటూ వచ్చాను. ఇంటి ముందు దిగాను. ఆయన ముఖం చూశాను. గుటక మింగలేదు, పెదవి వణికించలేదు, నీళ్లు వాటంతట అవే వచ్చేశాయి. ఆపుదామన్నా ఆగలేదు.

ఆయన ముఖం తెల్లబోయింది. హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి, రెండడుగులు వెనక్కి వేశాడు. వీధికి అటూ ఇటూ చూశాడు. "నేనేమన్లే బిడ్డా... నేనేం జెయ్యలే," అన్నాడు.

నేను ఏడ్చేకొద్దీ ఆయన వణికిపోతున్నాడు. గబగబా కళ్లు తుడుచుకుని, చెప్పాలనుకున్నది చెప్పకుండానే లోపలికి పరుగెత్తాను. ఇన్నేళ్లలో నా ఏడుపు చూసి ఎంతోమంది చప్పట్లు కొట్టారు, ఎంతోమంది నాతోపాటు ఏడ్చారు. భయపడింది ఆయన ఒక్కడే. అందుకే ఈ రోజుకీ నాకు నిజంగా ఏడుపొస్తే, ఎదురుగా మనిషి లేకుండా చూసుకుని, తలుపు వేసుకుని ఏడుస్తాను.