ఆఖరి పదహారు పేజీలు

జిగురు పిన్ని రోజూ పొద్దున్నే, గ్రంథాలయం తలుపులు తియ్యకముందే, మెట్ల పక్కన గోడకు తగిలించిన చిన్న నల్లబల్లను తడిగుడ్డతో తుడిచేది. అది ఆరేదాకా కళ్ళు మూసుకుని "స్వామీ, నా చేత అబద్ధం రాయించకు" అనుకునేది. ఆ తర్వాతే సుద్దముక్క అందుకుని, తాను చదివి ముగించిన పుస్తకం గురించి నాలుగు వాక్యాలు రాసేది. ఐదో వాక్యానికి ఆ బల్ల మీద చోటుండేది కాదు.

ఆవిడ ఆ గ్రంథాలయంలో పుస్తకాలు కుట్టే మనిషి. చేతికి ఎప్పుడూ జిగురు అంటుకుని ఉండేది కాబట్టి ఆ పేరొచ్చింది. పిల్లలూ పెద్దలూ అందరికీ పిన్నే. వచ్చిన ప్రతి పుస్తకానికీ పలచటి అట్ట ఊడదీసి, లోపలి ఫారాలు విడదీసి, మళ్ళీ దారంతో కుట్టి గట్టి అట్ట వేశాకే పాఠకులకు ఇవ్వాలని అక్కడి నియమం. ఫారమంటే పదహారు పేజీల మడత. పిన్ని ఒక్కో ఫారం చదువుతూ, చదివినదాన్ని కుడుతూ పోయేది. చిన్నప్పుడు పల్లెటూరి బళ్ళో ఎనిమిదో తరగతితో తెగిన చదువును ఆ సూదితోనే అతుకేసుకుందని చెప్పాలి.

ఆవిడ అభిప్రాయాలు చదవడానికే కొందరు అటువైపు నుంచి నడిచి వెళ్ళేవారు. రోజుకు ఐదు నిమిషాల్లో జీవితం మార్చుకోవడమెలాగో చెప్పిన పుస్తకానికి "ఐదు నిమిషాలు చాలంటాడు, ఆ ముక్క చెప్పడానికి మాత్రం మూడువందల పేజీలు పట్టింది" అని రాసింది. పెద్ద పేరొచ్చిన ఒక నవల గురించి "ఇందులో అందరూ తెగ బాధపడతారు గానీ ఒక్కరికీ ఆకలి వెయ్యదు" అంది. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన నర్సు తన అనుభవాలు రాస్తే "ఈవిడ ఎవర్నీ పొగడదు, ఎవర్నీ తిట్టదు, చూసింది చెబుతుంది, అందుకే నమ్మాను" అని మెచ్చుకుంది. ఆ పుస్తకం నెలరోజులు అరలోకి తిరిగి రాలేదు. పిన్ని బాగుందంటే జనం ఎగబడేవారు, పెదవి విరిస్తే దుమ్ము పట్టేది. మాటకు అంత బరువు రావడం మంచిదో కాదో ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు.

బస్టాండులో టికెట్లిచ్చే ఒకామె ఉండేది. యాభై దాటినా పిన్నికి ఆమె టికెట్లమ్మాయే. కిటికీ వెనక కూర్చుని పాతికేళ్ళపాటు వచ్చేపోయే మొహాలు చూసిన ఆ మనిషి ఒక నవల రాసి, అచ్చు వేయించుకుని, ఒక ప్రతి తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది. "కాస్త గట్టిగా కుట్టు పిన్నీ. పదిమంది చేతులు మారినా ఊడిపోకూడదు" అంది. "నా కుట్టు ఊడితే నా పేరు మార్చుకుంటా పోవే" అంది పిన్ని.

తల్లికి జబ్బు చేసినప్పుడు నోరుజారిన ఒక్క మాట దగ్గర తెగిపోయి, పదకొండేళ్ళు మాట్లాడుకోని అక్కచెల్లెళ్ళ కథ అది. పిన్ని కన్నీళ్ళు తుడుచుకుంటూ చదివింది, కుట్టింది. చెల్లెలు బస్సు దిగి, వీధంతా నడిచి, అక్క ఇంటి తలుపు కొట్టడానికి చెయ్యెత్తింది. అక్కడితో పేజీ అయిపోయింది. బల్ల మీద ఫారాలూ అయిపోయాయి.

ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చీమ తలకాయంత అంకె ఒకటుంటుంది. కుట్టడం అయ్యాక, జిగురు పూసేముందు ఆ అంకెలు వరసగా చూసుకోవాలి. పిన్నికి పని నేర్పిన తండ్రి "ముందు అంకె, తర్వాత జిగురు" అని తల మీద మొట్టి మరీ చెప్పేవాడు. ఆ రోజు పిన్ని అంకెలు చూడలేదు. ఆ నెలలోనే మరో మూడు నవలలు అలా మధ్యలో వదిలేసినవి చదివి ఉంది. ఒకదాంట్లో కథానాయకుడు రైలెక్కాడు గానీ, రైలు కదిలిందో లేదో రాసినాయన చెప్పలేదు. ఇదీ ఆ బాపతే అనుకుంది. అనుకోగానే మంచి వాక్యం ఒకటి తట్టింది. దాన్ని మనసులో సానబెట్టుకుంటూ జిగురు పూసేసింది.

మర్నాడు నల్లబల్ల మీద ఇలా ఉంది: "అక్కచెల్లెళ్ళ మౌనాన్ని ఇంత బాగా రాసిన చెయ్యి ఆఖర్లో వణికింది. చెల్లెల్ని అక్క గుమ్మం దాకా తెచ్చి, తలుపు కొట్టించకుండానే పుస్తకం మూసేసింది. ధైర్యం లేనివాళ్ళు పాఠకుణ్ణి అంత దూరం నడిపించకూడదు. ఈ కాలం కథలకు గుమ్మాలే గానీ ఇళ్ళుండవు."

టికెట్లమ్మాయి డ్యూటీకి పోతూ ఆగి చదివింది. తలుపు దగ్గర నిలబడ్డ పిన్నిని చూసి కొంచెం నవ్వి, "శ్రద్ధగా చదివావు పిన్నీ" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె గ్రంథాలయం మెట్లెక్కలేదు. పనెక్కువై ఉంటుందిలే అని పిన్ని సరిపెట్టుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం గడియారాలు బాగుచేసే పెద్దాయన, అందరూ వాచీల మావయ్య అనేవారు, చంకలో పుస్తకంతో వెనక గదిలోకి వచ్చాడు. అది తేనెటీగల జీవితం గురించి ఒక పరిశోధకుడు రాసింది. పిన్ని ఎప్పుడో మెచ్చుకున్నదే.

"అమ్మాయ్, తేనెటీగలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆఖర్లో వచ్చిన ఆడవాళ్ళిద్దరెవరు?"

"రాణీగ గురించా మావయ్యా?"

"రాణీగ 'ఎంతసేపు నిలబడతావే, కాళ్ళు నొప్పెట్టవా' అంటుందా? నాకు చత్వారం వచ్చిందే గానీ మతి పోలేదు. నూట తొంభై రెండో పేజీ తర్వాత రెండువందల నలభై ఒకటి వచ్చింది. మధ్యలో పేజీలు ఈగలు ఎత్తుకుపోయాయా?" ఆయన నవ్వబోయి, పిన్ని మొహం చూసి ఆగాడు. "ఏం తల్లీ, అలా అయిపోయావు? ఒకటి చెప్పనా? పుస్తకం మొత్తానికీ ఆ పదహారు పేజీలే బాగున్నాయి. చదివి మా తమ్ముడికి ఫోన్ చేశాను."

రెండు పుస్తకాలూ ఒకే ప్రెస్సులో, ఒకే కొలతలో, ఒకే కాగితం మీద అచ్చయినవి. ఆ రోజు రెంటి ఫారాలూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. తేనెటీగలది ముందే చదివేసింది కాబట్టి కళ్ళు పెట్టకుండా చేతి వాటాన కుట్టేసింది. నవల ఆఖరి ఫారం జారి అటు చేరింది. తేనెటీగల పుస్తకాన్ని తీసుకెళ్ళినవాళ్ళలో చివరి అట్టదాకా చదివిన మొదటి మనిషి వాచీల మావయ్యే అయ్యాడు.

ఆయన వెళ్ళాక పిన్ని నిలబడే ఆ పదహారు పేజీలూ చదివింది. చెల్లెలు తలుపు కొట్టలేదు. కిటికీలోంచి ఎప్పట్నుంచో చూస్తున్న అక్కే తలుపు తీసింది. కాళ్ళు నొప్పెట్టవా అంది. లోపలికి రమ్మని కూడా అనలేదు, పక్కకు తప్పుకుని దారిచ్చింది. ఇద్దరూ తల్లి మాట ఎత్తకుండా దుప్పట్లు మడతపెట్టారు. అంతే. పిన్ని తాను చదివిన కొత్త నవలల్లో అంత మెత్తటి ముగింపు చూడలేదు. వణికింది రాసిన చెయ్యి కాదని, కుట్టిన చెయ్యని తెలిసింది.

గ్రంథాలయాధికారి, ఆవిడకు కొడుకు వయసువాడు, సంగతి విని తలుపు దగ్గరగా వేశాడు. "పిన్నీ, రిజిస్టరు చూశాను. ఆ నవల ఏడుగురు తీసుకెళ్ళారు. ఒక్కరూ అడగలేదు. ఊడదీసి మళ్ళీ కుట్టెయ్యండి, పదినిమిషాల పని. ఎవరికీ తెలీదు."

"అదే బాబూ భయం. ఎవరికీ తెలీదు. ఏడుగురూ సగం పుస్తకం చదివి, నా నాలుగు ముక్కలు చూసి, సరేననుకున్నారు."

"ఈ వయసులో మీకెందుకండీ నలుగురిలో తలవంపులు?"

అతను మంచికే చెప్పాడు. తన ఫ్లాస్కులో టీ ఆవిడ గ్లాసులో పోసి మరీ చెప్పాడు. పిన్నికి ఒక్క క్షణం ఆ మాట తియ్యగా కూడా తోచింది. సూదిలోకి దారం ఎక్కించింది కూడాను. తీరా ఆ చీమ తలకాయంత అంకె మీద చూపు పడేసరికి చెయ్యి ముందుకు సాగలేదు. తెల్లారితే అదే చేత్తో దణ్ణం పెట్టుకోవాలి కదా. తేనెటీగల పుస్తకం కుట్టు విప్పి, పదహారు పేజీలూ జాగ్రత్తగా వేరుచేసి, నవలా, సూదీ, దారం, జిగురు డబ్బా సంచిలో వేసుకుని టికెట్లమ్మాయి ఇంటికి నడిచింది.

ఆమె డ్యూటీ దిగి అప్పుడే వచ్చినట్టుంది, యూనిఫాం చొక్కా దండెం మీద ఆరేస్తోంది. "పిన్నీ! దారి తప్పావా?" అంటూ కుర్చీ లాగి, దాని మీద ఉన్న బట్టలు తీసి, ఫ్యాను వేసింది. పిన్ని కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. వాక్యం సానబెట్టుకుంటూ అంకెలు చూడడం మానేసిన సంగతి కూడా దాచలేదు.

టికెట్లమ్మాయి పదహారు పేజీలూ చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"టికెట్ల కిటికీ దగ్గర ఒక్కొక్కరే చెప్పారు పిన్నీ. 'అంతా బాగుంది, ఆఖర్లో తేల్చలేకపోయావు' అని. ఏడుగురు ఒకే మాట అంటే తప్పు నాది కాక ఎవరిదనుకున్నాను. దుప్పట్లు మడతపెట్టడం ముగింపేంటని నా మీద నాకే చిరాకేసింది."

"'అక్క తలుపు తీసింది కదా, చదవలేదా' అని నన్ను ఒక్కసారి గట్టిగా అడక్కపోయావా?"

"చెల్లెలు తలుపు కొట్టని మాట నిజమే కదా. నువ్వు రాసింది నిజమనిపిస్తే ఏమని అడగను?" అని నవ్వింది. "రెండోది సగం దాకా రాశాను. నీ బల్ల చదివిన రోజు కట్టగట్టి బట్టల కింద పెట్టాను. ఇంక తియ్యలేదు."

ఒక పుస్తకం చెడగొట్టానని వచ్చింది పిన్ని. రెండో పుస్తకం సంగతి అప్పుడు తెలిసింది. ఎప్పుడూ చేసే పనే చేసింది. బల్ల ముందు కూర్చుని నవల అట్ట విప్పింది. టికెట్లమ్మాయి కిటికీ రెక్క తోసి, వెలుతురు సూది మీద పడేలా పరదా పక్కకు లాగింది. పిన్ని కుట్టింది. జిగురు పూసేముందు ఆగి, "నువ్వు చూడమ్మా" అని పుస్తకం ఆమె వైపు తిప్పింది. ఆమె వేలు పెట్టి ఒకటి నుంచి పదహారు దాకా పైకి చదివింది.

"సరిపోయాయి పిన్నీ. పోనీలే, మనిషన్నాక పొరపాటు జరగదా? నేనూ ఒకరోజు ఉత్తరం బస్సుకి బదులు దక్షిణం బస్సుకి నలభై టికెట్లు కొట్టాను. కళ్ళు తుడుచుకో. క్షమించేశాను, అయిపోయింది."

ఆ మాట వినగానే పిన్ని చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా, అంత తేలిగ్గా వదిలెయ్యకు. నాకు ఒక్క సాయం చెయ్యి. ఇవాళ క్షమించకు. బట్టల కిందిది తియ్యి, ఎక్కడ ఆపావో అక్కణ్ణించి రాయి. రాసుకుంటూ నన్ను రోజూ తిట్టుకో, పడతాను. అది పూర్తయిన రోజున నీకింకా క్షమించాలనిపిస్తే, అప్పుడు నాకొక కబురు పంపు."