నల్లబల్ల మీద నాలుగో వాక్యం

రాజమండ్రి దగ్గర గోదావరికి రైలు వంతెన కడుతున్న రోజులవి. రేవుకు దిగే దారిలో ఒక చదువుగది, దాని అరుగు మీద ఒక నల్లబల్ల ఉండేవి. మిషన్ బడిలో మూడో తరగతి చెప్పే ఆశీర్వాదం మేష్టారు రోజూ పొద్దున బడికి వెళ్తూ ఆ బల్ల మీద సుద్దతో నాలుగు వాక్యాలు రాసేవాడు. అలమారు, ఇస్త్రీ అనే మాటలు పోర్చుగీసువారి ఓడల్లో వచ్చాయని ఒకరోజు. ధవళేశ్వరం ఆనకట్టకు రాయి ఏ కొండ నుంచి తీశారో మరొక రోజు. మన జిల్లా పక్కనే ఉన్న యానాంలో ఫ్రెంచివారి దొరతనం ఎందుకు నడుస్తోందో ఇంకొక రోజు.

జీతం లేని పని అది. అయినా మేష్టారు ఆరేళ్ళుగా ఒక్క పూట మానలేదు. ముసలివాళ్ళను అడిగి, పుస్తకాలు తిరగేసి, నిజమని తేలిందే రాసేవాడు. కోర్టు గుమాస్తా వెంకటరాజు రోజూ గొడుగు చంకన పెట్టుకుని అక్కడ నిలబడి పైకి చదివేవాడు. చదువు రానివాళ్ళు అతని చుట్టూ చేరి వినేవారు. మధ్యాహ్నానికి ఆ నాలుగు వాక్యాలు ఊళ్ళో సగం ఇళ్ళలో అన్నం కంచాల దగ్గరికి చేరేవి.

ఆ ఏడు ఆషాఢంలో ఒకనాడు మేష్టారికి రాయడానికి ఏమీ దొరకలేదు. సరిగ్గా అప్పుడే మరిడమ్మ చెప్పిన సంగతి గుర్తొచ్చింది.

మరిడమ్మ రేవులో చేపలు కొని, గంపకెత్తుకుని వీధుల్లో అమ్మేది. నిండుగా పసుపు, చేతినిండా గాజులు. పొద్దున్నే ఆమె ఎదురొస్తే మంచిదని గట్టు వీధి ఇల్లాళ్ళు ఆమెనే ముందు పిలిచేవారు. మొగుడు బుల్లియ్య యానాం వైపు పడవల మీద పని చేస్తున్నాడని ఊరంతా అనుకునేది. అసలు సంగతి ఆమె మేష్టారి వసారాలో గంప దించి, ఆయన భార్య సంపూర్ణమ్మకు చెప్పుకుంది. బుల్లియ్య పన్నెండేళ్ళ కిందటి వరదలో పడవతో సహా కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. అలాంటప్పుడు వాళ్ళ పల్లెలో ఒక ఆచారం ఉంది. పోయినవాడి తెడ్డు గుమ్మం పక్కన నిలబెడతారు. అది నిలబడి ఉన్నంతకాలం ఆ ఇల్లాలు పునిస్త్రీయే. గాజులు తీయమనే హక్కు ఎవరికీ లేదు.

"మీ ఇళ్ళలో ఈ పట్టింపులు లేవు గనక చెప్పానమ్మా" అంది మరిడమ్మ.

మేష్టారు లోపల కూర్చుని విన్నాడు.

మొదటి మూడు వాక్యాల్లో ఆచారం రాశాడు. అంతటితో ఆపితే పోయేది. చప్పగా ఉన్నట్టనిపించి నాలుగోది చేర్చాడు: "మన రేవులోనే పన్నెండేళ్ళుగా ఇలా గాజులు తీయని ఒకామె చేపలమ్ముతోంది."

"ఏంటి మేష్టారూ, ఇవాళ బల్ల ఘాటుగా ఉందే!" అన్నాడు వెంకటరాజు. మేష్టారు సంతోషపడ్డాడు.

మూడో రోజు పొద్దున మరిడమ్మ నిండు గంపతో అరుగు దగ్గరికి వచ్చింది.

"ఏం రాశారండి దీని మీద?"

ఆయన చెప్పాడు.

"పేరు రాయలేదు మరిడమ్మా."

"ఈ రేవులో గంపలు మోసేవాళ్ళం అయిదుగురమండి. నలుగురి మొగుళ్ళు అదిగో, ఆ ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నారు. ఇంక పేరెందుకండి?" ఆమె గొంతు పెంచలేదు. "గట్టు వీధిలో తలుపులేసేశారండి. పొద్దున్నే ముండమోపి మొహం చూడకూడదంటండి. నిన్న చేపలన్నీ ఉప్పేసుకున్నాను."

ఇలా అవుతుందని మేష్టారికి తెలియదా? తెలుసు. ఆయన తల్లి మాలపల్లెలో బాప్తిస్మం పుచ్చుకోకముందు ఎన్ని గుమ్మాల నుంచి అలాగే తిరిగొచ్చిందో ఆయనకు చెబుతూనే ఉండేది. సుద్దముక్క చేతిలో ఉన్నప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు.

"బుల్లియ్య యానాంలో ఉన్నాడని రాయండి. మీరు రాస్తే నమ్ముతారండి" అంది ఆమె.

"చూద్దాం" అన్నాడు.

మర్నాడు ఆయన పాత నాణేల సంగతి రాశాడు. ఆ మర్నాడు తాటాకు గంటం సంగతి. ఆరేళ్ళలో ఒక్క అబద్ధం లేని బల్ల అది. ఆ మాటే ఇంట్లో అంటే సంపూర్ణమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"నన్ను నమ్మి నా వసారాలో చెప్పుకుందండీ ఆవిడ. నేనిప్పుడు ఆవిడకి మొహం ఎలా చూపించను? మీకు బల్ల పరువు కావలసొచ్చిందా?"

మేష్టారు కంచం పక్కకు నెట్టి లేచాడు.

మరునాడు రాశాడు: "మొన్న రాసింది నా తప్పు. ఆమె భర్త యానాంలో క్షేమంగా ఉన్నాడు. నన్ను మన్నించవలెను."

వెంకటరాజు రెండుసార్లు చదివి నవ్వాడు. "అయితే మొన్నటిది నిజమేనన్నమాట. లేకపోతే మీరు ఇంతలా బతిమాలుకోవడం ఎందుకండి?"

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. గట్టు వీధి తలుపులు తెరుచుకోలేదు.

నెల తిరక్కుండా మరిడమ్మ గంప అవతలి ఒడ్డుకు మారింది. తెల్లవారగానే పడవెక్కి కొవ్వూరు వెళ్ళి అక్కడ అమ్ముకునేది. పడవవాడికిచ్చే కేవు పోగా మిగిలేది తక్కువే. మేష్టారు ఒకరోజు కావాలనే పడవ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చెప్పాలనుకున్న మాటలు ఇంటి దగ్గర వరసగా పేర్చుకునే వచ్చాడు.

ఆయన నోరు విప్పేలోపే మరిడమ్మ పలకరించింది.

"కొవ్వూరులో ఇలాంటి బల్ల ఉందాండి మేష్టారూ?"

"లేదు."

"ఎవరైనా పెడితే ముందే చెప్పండి. ఇంకో ఊరు చూసుకుంటాను."

ఆమె గాజుల చేత్తో గంప సర్దుకుని పడవలో కూర్చుంది. సరంగు గడ వేశాడు.