ఉతకని చొక్కాల బొంత

రెండేళ్ళ కిందట, వానాకాలం. చందానగర్ మార్కెట్ వెనక సందులో, మొదటి అంతస్తులో నా కుట్టు దుకాణం. పాత బట్టలు ముక్కలు చేసి బొంతలు కుడతాను. మా అమ్మ కుట్టిన రోజుల్లో బొంతను ఎవరూ పట్టించుకునేవారు కాదు. హైటెక్ సిటీ ఆఫీసులవాళ్ళు దాన్నే మెమరీ క్విల్ట్ అని పిలవడం మొదలుపెట్టాక నాకూ కాస్త మర్యాద పెరిగింది. నేను మాత్రం ఇప్పటికీ బొంత అనే అంటాను.

శిరీష అలా వచ్చిన మనిషే. హఫీజ్‌పేట్‌లో కాపురం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడో నెల గర్భం. భర్త కిరణ్ ఆ ఎండాకాలంలో గుండె ఆగి నిద్రలోనే పోయాడట. మూతి బిగించి కట్టిన ప్లాస్టిక్ కవరు ఒకటి నా బల్ల మీద పెట్టింది. అందులో నాలుగు చొక్కాలు.

"వీటిని ఉతకొద్దు ఆంటీ," అంది కూర్చోకముందే.

నాకు చిర్రెత్తింది. ఉతకని గుడ్డ మీద నేను కత్తెర పెట్టను. తర్వాత ఎప్పుడో ఉతికితే ఒక ముక్క రంగు దిగుతుంది, ఇంకో ముక్క కుంచించుకుపోతుంది, చెడ్డపేరు నాకొస్తుంది.

"గిట్లయితే నాతోని కాదమ్మా," అన్నాను.

"పెద్దకర్మ నాడు ఆయన బట్టలన్నీ దానం చేసేశారండి. దానానికి ఉతికినవే ఇవ్వాలి కదా, అందుకని మాసిన బట్టల బుట్టలో ఉన్న ఈ నాలుగూ మిగిలాయి. పుట్టబోయే బిడ్డకి వాళ్ళ నాన్న వాసనైనా తెలియాలి ఆంటీ. ఇంక నేనేం చూపించగలను?"

ఆ మాట విన్నాక ఇంకేం వాదిస్తాను? సరేనన్నాను.

మా పనిలో చిన్న ముక్కలు కలిపి కుట్టిన చదరాన్ని బ్లాక్ అంటాం. రెండు ముక్కలు కలిసే కుట్టు సీమ్. సీమ్ కుట్టిన వెంటనే దాని అంచును ముదురు రంగు గుడ్డ వైపు మడిచి, ఇస్త్రీపెట్టెతో అణచాలి. అదే ప్రెస్సింగ్. చొక్కా ఇస్త్రీ చేసినట్టు రుద్దకూడదు, రుద్దితే గుడ్డ సాగి చదరం వంకరపోతుంది. పెట్టె ఆనించాలి, ఎత్తాలి, పక్కన మళ్ళీ ఆనించాలి. ఈ ఓపిక లేనివాళ్ళు కుట్టిన బొంత నిండా గుబ్బలే.

ప్రెస్సింగ్ తానే చేస్తానంది శిరీష. సెలవులో ఉంది, ఇంట్లో ఒక్కతే ఉండలేకపోతోంది. నేను మిషన్ మీద కుడుతుంటే తను పక్కన స్టూలు మీద కూర్చుంది.

మొదటి సీమ్ మీద పెట్టె ఆనించగానే గుప్పున లేచింది. కొబ్బరినూనె, చెమట, ఏదో సెంటు. నేనెన్నడూ చూడని మనిషి నా దుకాణంలోకి వచ్చి నిలబడ్డట్టయింది. మిషన్ ఆపేశాను.

"ఆయన వచ్చారు ఆంటీ," అంది శిరీష, కళ్ళు మూసుకుని.

వేవిళ్ళప్పటి నుంచీ పోపు వాసన కూడా పడని పిల్ల, ఆ గాలిని మాత్రం గుండెల నిండా పీల్చుకుంది. ఆమె నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను.

"నిమ్మలంగ పెట్టు బిడ్డా, తొందరేం లేదు," అన్నాను నేనే.

అలా రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఒక్కోసారి అవసరం లేకపోయినా పెట్టె ఇంకోసారి ఆనించేది. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని. మూడు చొక్కాల బ్లాకులు పూర్తయ్యాయి. వాటిని దొంతరగా పేర్చి పెట్టాం.

ఆ రోజు ఆమె పైనున్న బ్లాక్ తీసి ముఖానికి ఆనించుకుంది. దాని కిందది తీసింది. ఆ కిందది కూడా తీసింది. ముఖం పాలిపోయింది.

"ఆంటీ, వీటిలో లేదండి."

"ఏంది లేనిది?"

"ఆయన వాసన."

లాక్కుని నేనూ చూశాను. వేడి తగిలిన నూలు వాసన తప్ప మరేం లేదు. ఇన్నాళ్ళూ గదినిండా పరుచుకున్నది ఆ గుడ్డలోంచి వెళ్ళిపోయిందే కదా! ఇన్నేళ్ళ పనిలో నాకు ఈ ముచ్చట తెలియదు. ఉతకని బట్ట ముట్టుకుంటే కదా తెలిసేది. గబుక్కున లేచి ఇస్త్రీపెట్టె స్విచ్ కట్టేశాను.

"నేనే పంపించేశాను ఆంటీ," అంది శిరీష. ఏడుపు కూడా రాలేదు ఆమెకి. "ప్రతిసారీ నవ్వుకుంటూ నేనే పంపించేశాను."

"గట్ల అనకు బిడ్డా. ఇంకొక్కటి ఉంది కదా. దానికి వేడి తగలనియ్యను."

మిగిలిన ఆ ఒక్క చొక్కాకి మాత్రం ఫింగర్ ప్రెస్సింగ్ చేశాం. అంటే సీమ్ అంచును బొటనవేలి గోటితో గీరి మడత పెట్టడం. గోరు ఎంత గీరినా మడత సరిగ్గా కూర్చోదు. నా దగ్గర పనిచేసేవాళ్ళు ఎవరైనా అలాంటి బ్లాక్ తెస్తే విప్పించి మళ్ళీ కుట్టించేదాన్ని. అదే బ్లాకును బొంత నడిమధ్యన పెట్టి కుట్టి ఇచ్చాను.

పాప పుట్టింది. పాకే వయసు వచ్చాక ఒకనాడు శిరీష ఆ పిల్లనీ బొంతనీ ఎత్తుకుని వచ్చింది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బొంత నా బల్ల మీద పరిచింది. ఆగలేక వంగి మధ్య బ్లాక్ వాసన చూశాను. పాలు, చొంగ, పిల్లల నూనె. అంతే. ప్రాణం ఉసూరుమంది.

"ఉతికినవా?"

"లేదాంటీ. రోజూ దీని మీదే పడుకుంటుంది కదండీ. ఆయనది ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలీలేదు." తర్వాత మామూలుగా అంది, "నడిమధ్య బ్లాకుకి కాస్త ఇస్త్రీ పెట్టండి ఆంటీ. గుబ్బలు పాప బుగ్గకి ఒరుసుకుంటున్నాయి."

పెట్టె వేడెక్కింది గానీ చెయ్యి ముందుకు పోలేదు. అది చూసి శిరీష పాపను నా చేతికిచ్చి తనే అందుకుంది. ఆనించింది, ఎత్తింది, పక్కన ఆనించింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. చదునుగా వచ్చిందో లేదో అరచేత్తో తడిమి చూసి పాపను తీసుకుంది.

అప్పటినుంచి పోయినవాళ్ళ బట్టలు ఎవరు తెచ్చినా, కత్తెర పట్టుకునేముందు అడుగుతున్నాను, "ఇందుల మీకేం మిగలాలె?" అని. చాలామంది వెంటనే చెప్పలేరు. చెప్పేదాకా ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టను.