కాశీరావు గారి జారుముడి

కాశీరావు గారు తన జీవితంలో మొట్టమొదట సాధించింది విసురువలని గుండ్రంగా విప్పడం. అప్పుడు ఆయనకి పదకొండేళ్ళు. దాని కోసం మూడు నెలలపాటు రోజూ పొద్దున్నే వాళ్ళ ఊరు గిలకలదిండి సముద్రపొడ్డు ఇసకలో నిలబడి, చుక్క నీళ్ళు లేని చోట వల విసిరారు. మొదట్లో అది మూటలా పడేది. తర్వాత అరటాకులా పొడుగ్గా పడేది. ఒకనాడు పళ్ళెంలా పడింది. తండ్రి నోట్లో బీడీ తీసి, "ఇంక నీళ్ళల్లో దిగు" అన్నాడు. ఆ ఇంట్లో మెచ్చుకోలు అంటే అంతే.

ఆ రోజే రెండో పాఠం కూడా అయింది. వలతాడు కొసకి జారుముడి వేసి ఎడమ మణికట్టుకి తొడుక్కోవాలి. లాగేకొద్దీ అది బిగుసుకుంటుంది.

"మరీ బిగిస్తే చెయ్యి విరగదా నాన్నా?"

"చెయ్యి దానంతటదే అతుక్కుంటుంది. వల మాత్రం కొనుక్కోవాలి."

తర్వాత సాధించినవి వరసగా చెప్పుకోవాలంటే, ఊరి బడిలో ఐదో తరగతి ఫస్టున ప్యాసయ్యారు. ఆ ఏడాది తరగతిలో ఉన్నది ముగ్గురే అన్న సంగతి ఎవరైనా అడిగితేనే చెబుతారు. ఊళ్ళో సగం మందికి ఉత్తరాలు చదివి పెట్టారు, మిగతా సగానికి రాసి పెట్టారు. మత్స్యకారుల సంఘానికి పదకొండేళ్ళు సెక్రటరీ. వల విసిరే పోటీల్లో రెండుసార్లు మొదటి బహుమతి. వీటన్నిటికీ కలిపి నాలుగు శాలువాలు. నలభై ఏళ్ళ వేటలో ఒక్క వల కూడా చేజారలేదు. దీనికి శాలువా ఎవరూ కప్పలేదు గానీ, ఆయన లెక్కలో అన్నిటికన్నా పెద్దది ఇదే.

ఇంతటి మనిషి ఇప్పుడు విజయవాడ పటమటలో, కూతురు సుధామణి ఫ్లాటులో, మూడో అంతస్తులో ఉంటూ రోజూ పొద్దున ఆరింటికి బొచ్చుకుక్కని తిప్పుతున్నారు. బ్యాంకులో సుధామణితో పనిచేసే గుణదల ఆవిడ ఆ కుక్కని ఇచ్చింది. వచ్చినప్పుడు దాని పేరు స్నోయీ. పిలవడానికి నోరు తిరగక ఆయన ముత్యం అని మార్చారు. గిలకలదిండిలో కుక్కలు పడవలకి కాపలా ఉండేవి, పటమటలో కుక్కకి మనిషి కాపలా ఏమిటని మొదట్లో ఆయన నవ్వారు. మూడో నెలకల్లా అది ఆయన సన్మానాల శాలువాల్లో ఒకదాని మీద పడుకోవడం మొదలెట్టింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

"నాన్నా, ఆ కుక్క తాడు చేత్తో పట్టుకోండి చాలు. చేతికి ముడెందుకు?" అనేది సుధామణి.

"నలభై ఏళ్ళలో ఒక్క వల పోలేదమ్మా."

ఆ అపార్ట్‌మెంటుకి ప్రెసిడెంటు తిరుపతిరావు గారు. ఒకప్పుడు రైస్‌మిల్లు నడిపిన మనిషి. ఆయన కుక్క టైగరు, దూడంత ఉంటుంది. దాని తాడు మాత్రం ఎప్పుడూ తిరుపతిరావు గారి భుజం మీదే ఉంటుంది, కండువాలాగా. కుక్క ముందు పరుగెత్తుకొచ్చేది. అర ఫర్లాంగు వెనక నుంచి ఆయన గొంతు వచ్చేది. "ఏమీ చెయ్యదండీ, ఏమీ చెయ్యదు."

నవంబరు ఇరవై నాలుగున గేటు ఎదుటి కాలువ గట్టు రోడ్డు మీద అది చేసింది.

టైగరు ఉరికి రావడం చూసి ముత్యం కాశీరావు గారి కాళ్ళ చుట్టూ మూడుసార్లు తిరిగింది. తాడు కూడా దానితోపాటే చుట్టుకుంది. చేతికేమో జారుముడి. కుక్కని ఎత్తుకుందామంటే వంగలేరు, వదిలేద్దామంటే ముడి రాదు. టైగరు పళ్ళు ముత్యం మెడ దగ్గరికి రానే వచ్చాయి. కాశీరావు గారు కుడిచేత్తో ఒంటి మీది శాలువా లాగి, నడుం తిప్పి, విసిరారు.

అది విప్పుకున్న తీరు చూడాలి. పదకొండో ఏట ఇసకలో పడినట్టే గుండ్రంగా లేచి, టైగరుని తల నుంచి తోక దాకా కప్పేసింది. కళ్ళు కనపడక అది ఠక్కున ఆగిపోయింది. అంతటితో శాలువా వదిలేస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ వల పడ్డాక దాన్ని వదిలే అలవాటు ఆయనకి ఎక్కడిది? కొస పట్టుకుని నెమ్మదిగా లాగడం మొదలెట్టారు. శాలువాతో సహా టైగరు ఒక వైపు ఉరికింది, తాడుతో సహా ముత్యం ఇంకో వైపు ఉరికింది. ఆయన దేన్నీ వదల్లేదు. కింద పడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది. ముత్యం మాత్రం ఒంటి మీద గీత పడకుండా ఆయన చంకలోకి దూరి పడుకుంది.

అప్పటికి తిరుపతిరావు గారు ఆయాసపడుతూ వచ్చారు. "ఏమీ చెయ్యదని చెబుతూనే ఉన్నాను కదండీ. దాని మొహం మీద బట్ట వేస్తే అది బెదిరిపోదూ?"

ఆరు వారాలు కట్టు ఉండాలన్నారు డాక్టరు. ఆదివారం పొద్దున సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. టైగరు మీద ఫిర్యాదు విచారణకి అధ్యక్షత వహించింది తిరుపతిరావు గారే. ఆయన వాదన సూటిగా ఉంది. "చిన్నకుక్క ఉండబట్టి కదా పెద్దకుక్క పరిగెత్తింది. చిన్నదాన్ని ఎక్కడికైనా పంపించేస్తే ఇంక గొడవే లేదు."

సుధామణికి రోజూ బ్యాంకు, ఇప్పుడు తండ్రికి కట్టు. ముందు రోజే అనేసింది. "వాళ్ళు తీర్మానం చేస్తే ముత్యాన్ని గుణదల ఇచ్చేస్తాను నాన్నా. రోజూ ఈ తగాదా నేను పడలేను." కాబట్టి కాశీరావు గారు ఏం మాట్లాడినా ఈ పూటే మాట్లాడాలి.

లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. "నేను ఐదో తరగతి ఫస్టున ప్యాసయినవాణ్ణి" అని మొదలెట్టారు.

ఉత్తరాలు అయ్యాయి. పోటీలు అయ్యాయి. సంఘం సెక్రటరీ దగ్గరికి వచ్చేసరికి టీలు వచ్చాయి. సుధామణి ఆయన చొక్కా పట్టి లాగింది. "నాన్నా, కుక్క సంగతి."

"వస్తున్నానమ్మా. నాకింకా పెళ్ళి కాలేదు."

రెండో అంతస్తు కనకలక్ష్మి గారు గ్లాసు కింద పెట్టి, "బాబాయిగారూ, పెళ్ళి తర్వాత విందాం. పాల్, ఆ గేటు కెమెరా వీడియో ఉందన్నావుగా, పెట్టు" అంది. వాచ్‌మన్ పాల్ ఫోన్ తెచ్చాడు. అందరూ తలలు దగ్గరపెట్టి చూశారు.

"మళ్ళీ పెట్టు."

"ఎంత గుండ్రంగా పడిందండీ."

"ఆ నడుం తిప్పడం చూడండి, ఈ వయసులో."

మూడుసార్లు చూశారు. మూడుసార్లూ శాలువానే చూశారు, దాని కిందున్న కుక్క సంగతి ఎవరికీ పట్టలేదు. తిరుపతిరావు గారి మొహం వెలిగింది. "కాశీరావు గారికి అసోసియేషన్ తరఫున సన్మానం చేద్దాం. శాలువా నేనే కప్పుతాను" అన్నారు. చప్పట్లు మోగాయి. చిన్నకుక్క సంగతి సన్మానం తర్వాత చూద్దామని కూడా అన్నారు.

"శాలువా వద్దండి," అన్నారు కాశీరావు గారు.

సుధామణి తలతిప్పి తండ్రిని చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఈ మాట వినలేదు.

"ఉన్న నాలుగింట్లో ఒకటి మీ టైగరు చింపింది. మిగతా మూడు నాకు చాలు. దానికి తాడు కట్టండి."

"నాకు మాత్రం కట్టకూడదనా? ఏ తాడు కట్టినా కొరికేస్తుందండీ. అది కొరకలేని తాడు ఎవరైనా తెస్తే మీ అందరి ముందూ కడతాను," అన్నారు తిరుపతిరావు గారు.

"మినిట్స్‌లో రాయండమ్మా," అన్నారు కాశీరావు గారు. కనకలక్ష్మి గారు అప్పటికే రాసేసింది. కింద ఇంకో వాక్యం కూడా కలిపింది. తాడు వచ్చేవరకూ చిన్నకుక్క మీద ఏ తీర్మానమూ లేదు.

"మరి నా కుక్క పొద్దున్న తిరగాలి కదండీ?" అన్నారు తిరుపతిరావు గారు. తాడు లేదు కాబట్టి టైగరు అప్పటిదాకా వదులుగానే తిరుగుతుందని తేలింది.

అందుకని మంగళవారం కాశీరావు గారు ముత్యాన్ని చంకన పెట్టుకుని గిలకలదిండి ప్రయాణమయ్యారు. అక్కడ చెల్లెలు పోలేరమ్మ ఉంది. వలనూలు పన్నెండు పేటలు కలిపి ఆవిడ పేనుతుంది, ఆయన పక్కన కూర్చుని తప్పులు పడతారు. పడవల్ని కట్టే తాడు అలాగే పేనుతారు. సముద్రం తెంపలేనిదాన్ని కుక్క కొరుకుతుందా?

గేటు దగ్గర పాల్ రిజిస్టరు తెరిచి అడిగాడు. "తాడు ఒక కొస టైగరు మెడకి. రెండో కొసకి ఏం చేస్తారండీ?"

"జారుముడి వేస్తాను. తిరుపతిరావు గారి మణికట్టుకి. ఆ కొస ఆయన భుజం మీద ఉన్నన్నాళ్ళూ కుక్కకి కట్టీ ఏం లాభం?"

పాల్ ఆయన చేతి కట్టు వైపు చూశాడు. దూడంత టైగరుని తలుచుకున్నాడు. రిజిస్టరు ఆయన ముందుకి జరిపాడు.

సాయంత్రానికి అపార్ట్‌మెంటంతా తెలిసిపోయింది. తిరుపతిరావు గారికి తప్ప. పాలప్యాకెట్టు కోసం దిగినవాళ్ళూ, కూరలకి వెళ్ళేవాళ్ళూ గేటు దగ్గర ఆగి ఒకటే అడుగుతున్నారు, కాశీరావు గారు ఎప్పుడొస్తారని. పాల్ ప్రతిసారీ రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి చూపిస్తున్నాడు. అందులో కాశీరావు గారు కుడిచేత్తో, ఐదో తరగతి ఫస్టు దస్తూరీలో రాసింది ఉంది: ఫ్లాట్ 302, కాశీరావు మరియు ముత్యం. తిరిగి వచ్చు తేదీ, జనవరి 5, సోమవారం.