నిన్న ఎవరితో మాట్లాడారు

అమ్మ చనిపోయిన ఏడాదే నాకు సర్వే పని దొరికింది. అనకాపల్లిలో అరవై దాటినవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఎలా ఉన్నారో అడిగి ఫారాలు నింపాలి. అక్కడే గవరపాలెంలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని.

మూడో వారంలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటికి వెళ్లాను. పక్షవాతంతో ఆవిడకు కుడిచెయ్యి పడిపోయింది. చూసుకోవడానికి కె. కోటపాడు నుంచి ఒక ఆయా రోజూ మొదటి బస్సుకు వచ్చేది. నేను వెళ్లేసరికి ఇడ్లీ తినిపిస్తోంది.

"ఒంటరిగా అనిపిస్తుందా అండీ?" అని టీచరమ్మని అడిగాను.

"లేదమ్మా. ప్రభువున్నాడు. చర్చి వాళ్లు వస్తూనే ఉంటారు."

'లేదు' దగ్గర టిక్కు పెట్టి లేచాను. ఆయా గేటు దాకా వెంట వచ్చింది.

"అలగడిగితే ఎవులు సెప్తారమ్మా, సిగ్గు కాదేటి? సర్చోళ్లొచ్చి నెల్లాళ్లయింది. నిన్న జొరమొచ్చి నాను రాలేదు. పక్కింటోళ్లు గిన్నె పెట్టేసి ఎల్లిపోనారట. ఆయమ్మ పొద్దల్లా నోరిప్పలేదు. 'నిన్న ఎవులితో మాటాడేరు' అనడగండి, తెలిసిపోద్ది."

ఆ మాట ఫారం వెనకాల రాసుకున్నాను. విశాఖలో ఉండే మా సర్వే సారుకు చెబితే, "అయితే ముందు ఆయాలనే అడుగుదాం, పిలువు" అన్నారు.

సోమవారం మధ్యాహ్నం చర్చి పక్క గదిలో ఏడుగురు ఆయాలు కూర్చున్నారు. నేను ప్రశ్న చదవడం, వాళ్లు కాదనడం. 'నడవగలరా' అని కాదు, 'బాత్రూముకి ఒక్కరే ఎల్తారా' అని అడగమన్నారు. కొడుకులూ కోడళ్లూ పక్కనుంటే ముసలివాళ్లు నిజం చెప్పరన్నారు. మా సారు కొట్టివేతలతో నిండిన కాగితం చూసి నవ్వారు.

తర్వాత ఇద్దరేసి కూర్చుని కొత్త ప్రశ్నలు అడిగి చూడమన్నారు. టీచరమ్మ ఆయాకు జత లేక నేను కూర్చున్నాను. ఆమెకు చదువు రాదు, ప్రశ్న మాత్రం నోటికి వచ్చు.

"నిన్న ఎవులితో మాటాడేరమ్మా?"

నిన్న ఆదివారం. పాల ప్యాకెట్టు గుమ్మంలో ఉంటే తీసుకున్నాను. బట్టలు ఉతుక్కున్నాను. అన్నం వండుకున్నాను. మనసులో ఎంత వెతికినా మాట్లాడిన మనిషి ఒక్కరూ తగల్లేదు.

"ఎవరితోనూ లేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె టీ గ్లాసు నా ముందుకు జరిపింది. నా చేతి మీద చెయ్యేసి, "టీ సల్లారిపోతంది, తాగండి" అంది.

టీచరమ్మ ఇంటికి మళ్లీ వెళ్లి కొత్త ప్రశ్న అడిగాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి, "ఆయాతో... అంతేనమ్మా" అంది. పాత టిక్కు కొట్టేశాను.

పరవాడ, కొండకర్ల ఊళ్లలో ఆ ప్రశ్నే అడిగాం. వానాకాలంలో టీచరమ్మ పోయింది. ఆయా వేరే ఇంట్లో పనికి కుదిరిందని విన్నాను. ఒక రోజు సెలవు చూసుకుని ఆమె ఊరు కె. కోటపాడు వెళ్లాను. పనికి వెళ్లిపోయినట్టుంది, తలుపుకు తాళం ఉంది. "ఏటి పనమ్మా?" అని పక్కింటామె అడిగింది. "పనేం లేదు, చూసి పోదామని" అన్నాను. ఆమె అరుగు మీద కాసేపు కూర్చుని, తిరుగు బస్సు ఎక్కేశాను.