అక్క వీధికి వెళ్ళే బస్సు

వెనకటికి టైలరమ్మ కొట్టు ముందునుంచి ఒక బస్సు వెళ్ళేది. ఎక్కి కూర్చుంటే నది దాటించి, మిట్ట ఎక్కించి, వాళ్ళక్క ఇంటి మలుపులో దింపేది. అక్కచెల్లెళ్ళిద్దరికీ భర్తలు పోయారు. కుట్టుపని ముందేసుకుని కూర్చుని, చిన్ననాటి తగువులన్నీ మళ్ళీ మొదట్నుంచి ఆడుకునేవారు.

లైట్ రైలు వచ్చింది, ఆ బస్సు పోయింది. రైలునీ, స్టేషన్లకు జనాన్ని చేరవేసే చిన్న బస్సులనీ కలిపి ఒకే కంపెనీకి గుత్తకిచ్చారు. ఇంకెవరూ బస్సు నడపకూడదు. అక్క వీధికి కంపెనీ బస్సు వెయ్యలేదు. స్టేషన్ నుంచి మిట్ట ఎక్కడానికి టైలరమ్మ మోకాళ్ళు ససేమిరా అన్నాయి. గుండె ఆపరేషనైన అక్క గడప దాటకూడదు. టాక్సీ భోగం ఎప్పుడో ఒకసారికే సాగేది. ఇక మిగిలింది ఫోను. అందులో అక్క గొంతు వినిపించేదే గానీ, మాట మధ్యలో ఆవిడ మోచేత్తో పొడిచే పోటు తగిలేది కాదు. ఆ పోటు కోసమే టైలరమ్మ ప్రాణం కొట్టుకునేది.

కంపెనీ మీద ఓ కన్నేసి ఉంచడానికి నగరపాలక సంఘం ప్రయాణికులతో పర్యవేక్షణ కమిటీ వేసింది. చేరమని అడగ్గానే టైలరమ్మ సరేనంది. ఆవిడ మనసులో ఉన్నది ఒకటే బస్సు.

ఏడాదిపాటు ప్రతి మీటింగులోనూ కంపెనీ మేనేజరు ప్రాణం తోడేసింది.

"చూద్దామండీ," అనేవాడాయన.

"ఏడాదిగా చూస్తూనే ఉన్నారు కదండీ, ఇంకా కంటికి ఆనలేదా?" అనేసరికి హాలంతా గొల్లుమంది.

చివరికి కంపెనీ దిగొచ్చింది. కొత్తగా ఒక్క బస్సు వేస్తాం, ఎక్కడికో కమిటీనే తేల్చుకోమంది. రెండు దారులు మిగిలాయి. ఒకటి అక్క వీధి. రెండోది నదిగట్టున ఆసుపత్రి బట్టలుతికే లాండ్రీ. అక్కడి ఆడవాళ్ళు చీకట్లో, లారీల పక్కన నడుచుకుంటూ ఇళ్ళకు పోతారు. ఓట్లు వేసే రోజున వాళ్ళలో కొందరు పనినుంచి నేరుగా వచ్చి వెనకబెంచీలో కూర్చున్నారు. ఒకామె తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది.

ఓట్లు సమంగా చీలాయి. ఆఖరి ఓటు టైలరమ్మది. నిద్రపోతున్నామె వంక చూసి, "లాండ్రీకి," అంది. అని, కొంగుతో మొహం తుడుచుకుంది.

బయటికొచ్చి అక్కకి ఫోను చేసింది.

"ఏమైందే?"

"లాండ్రీవాళ్ళకి ఓటు వేశానక్కా."

"నీ బుద్ధి నాకు తెలీదా? చిన్నప్పుడూ అంతేగా, నా వాటా తీసి పక్కింటి పిల్లలకి పంచేదానివి," అంది అక్క. నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి అడిగింది. "మరి నువ్వెప్పుడొస్తావే?"

"ఆదివారం కిటికీ దగ్గర నిలబడక్కా," అంది టైలరమ్మ.

ఆదివారం మధ్యాహ్నం రైలెక్కి అక్క ఇంటికి దిగువనున్న స్టేషన్లో దిగింది. ప్లాట్‌ఫాం చివర నిలబడితే మిట్ట మీద ఇళ్ళు వరసగా కనిపిస్తున్నాయి. వాటిలో ఒక కిటికీలో ఎవరో నిలబడ్డారు. ఫోను మోగింది.

"చెయ్యెత్తవే."

టైలరమ్మ చెయ్యెత్తింది. కిటికీలో కూడా చిన్నగా ఏదో కదిలింది.

"బాగా చిక్కిపోయావే," అంది అక్క.

అంత దూరంనుంచి ఎలా కనబడిందని టైలరమ్మ అడగలేదు. చెయ్యి దించకుండా, "అవునక్కా," అంది.