చర్చి గోడ మీద కెర్నల్ మాట

మొన్న ఆదివారం బూర్గంపాడు చర్చిలో ఏం జరిగిందో ఈపాటికి మీదాకా వచ్చే ఉంటది. ఎవరు చెప్పినా కొంచెం కలిపి చెప్తరు, అందుకే అసలు సంగతి నా నోటితోనే వినండి. మా అక్క కొడుకును దేవునికి ప్రతిష్ఠ చేసే ఆరాధనను ఆగం చేసింది నేనే.

నాది సారపాకలో ఇంట్లో కూసొని చేసే ఉద్యోగం. కంప్యూటర్ లోపల అన్నిటికంటే అడుగున ఉండి, ఏ ప్రోగ్రామ్‌కు ఎంత మెమరీ ఇయ్యాల్నో చూసుకునేదాన్ని కెర్నల్ అంటరు. అదెక్కడ దెబ్బతిన్నదో పట్టుకునే టూల్స్ మీదనే నా పనంతా.

మా చర్చిలో పాటలు గోడ మీద చూపించే కంప్యూటర్ ఒకటుంది. పాతది, మెమరీ బాగా తక్కువ. నాలుగైదు పాటలు కాంగనే బిగుసుకపోతది.

"రీస్టార్ట్ కొడితే మళ్లొస్తది కదమ్మా, పోనియ్" అన్నరు పాస్టర్ గారు.

"లేదయ్యగారూ, నా పనే ఇది. ఎందుకు ఆగుతుందో తెలుసుకోకుండ ఎట్ల వదుల్త?" అన్న.

ఏ ప్రోగ్రామ్ మెమరీ తీసుకొని తిరిగియ్యట్లేదో కనిపెట్టే టూల్ ఒకటి ఆన్ చేసిన. చిక్కేందంటే, ఎవరెంత తీసుకున్నరో రాసిపెట్టుకోవాలంటే ఆ టూల్‌కు కూడా మెమరీ కావాలె. ఆఫీసు మెషీన్లలో అది లెక్కలోకి రాదు. ఇక్కడేమో ఉన్నదాంట్ల సగం అదే మింగింది. ఇగ రెండు పాటలకే ఆగుడు మొదలైంది.

నేను తగ్గలె. కెర్నల్ పడిపోతే ఆఖరి ఫోటోలాగా అప్పుడు లోపలున్నదంతా దాచిపెట్టే ఏర్పాటు ఇంకోటుంటది. దానికి ముందుగాల్నే కొంత మెమరీ పక్కకు తీసి పెట్టాలె. అదీ పెట్టిన. పాటలకు మిగిలేది ఇంకింత తగ్గింది. పైగా, ఆగేముందు కెర్నల్ ఏమంటదో స్క్రీన్ మీద పడాలని సెట్ చేసిన. నా ముందున్న చిన్న స్క్రీన్ ఒక్కటే మతిలో ఉంది నాకు. గోడ మీద పడేదీ అదే బొమ్మని తట్టలేదు.

ఆదివారం వచ్చింది. అక్క, బావ, వాళ్ల చుట్టాలందరూ ముందు బెంచీల్లో ఉన్నరు. అక్క వాళ్ల అత్త దీనమ్మ గారు హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్‌గ చేసి రిటైర్ అయింది. ఎక్కడ ఇంగ్లిష్ అక్షరం కనపడ్డా పైకి చదవకుండ ఉండలేదు.

మొదటి పాట నడిచింది. పాస్టర్ గారు పిలగాన్ని రెండు చేతులతోటి పైకెత్తిన్రు. సరిగ్గా అప్పుడే గోడ మీద రెండో పాట మాయమై, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డయ్.

దీనమ్మ గారు కళ్లజోడు సవరించుకొని గట్టిగ చదివింది.

"అవుట్ ఆఫ్ మెమరీ. కిల్ ప్రాసెస్... ఆర్ శాక్రిఫైస్ చైల్డ్."

పక్కనున్న పెద్దమ్మ ఒకామె, "అంటే ఏందమ్మా?" అని అడిగింది.

"చంపు, లేకపోతే బిడ్డను బలియ్యి అంటుంది" అన్నది దీనమ్మ గారు, క్లాసులో చెప్పినట్టే.

మా అక్క లేచి పోయి, పాస్టర్ గారి చేతుల్లోంచి పిలగాన్ని గుంజుకున్నది.

అది కెర్నల్ భాష. మెమరీ అయిపోతే ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్‌నో, దాని కింద పుట్టిన చిన్న ప్రోగ్రామ్‌నో ఆపేస్తది. ఆ చిన్నదాన్ని చైల్డ్ అంటరు. పాత కెర్నల్స్ ఆ మాట గిట్లనే మొహం మీద చెప్తయ్. ఇదంతా ఆ టైంలో ఎవరికి చెప్పను? మూయడానికి ఉరికి ప్రొజెక్టర్ ముందు నిలబడ్డ. గోడ మీది అక్షరాలన్నీ వచ్చి నా తెల్లచీర మీద పడ్డయ్. దీనమ్మ గారు మళ్ల చదవడం మొదలుపెట్టింది.

పాస్టర్ గారే కాపాడిన్రు. "సంఘమా, అందరం కండ్లు మూసుకుందాం" అన్నరు. అందరు మూసుకున్నరు. నేను వంగి ప్రొజెక్టర్ వైరు పీకిన. మిగతా పాటలు చూడకుండనే పాడిన్రు, అందరికీ నోటికే వచ్చట.

భోజనాలకు పిలిచినా నేను పోలె. సంగతేందో తేలేదాకా లేవనని ఆ డబ్బా ముందే కూసున్న. నేను పెట్టిన టూల్స్ అన్నీ తీసేసి, ఈసారి కెర్నల్‌ను వదిలి పాటల ప్రోగ్రామ్‌ను చూసిన. ప్రతి పాట వెనక పెద్ద గోదావరి ఫోటో ఉంది. పాట మారినప్పుడల్లా కొత్తది తెచ్చుకుంటుంది తప్ప పాతది వదుల్తలేదు. కెర్నల్ తప్పేం లేదు. అడిగినకాడికి ఇచ్చింది, అయిపోయినంక అయిపోయిందన్నది. అందంగ ఉంటదని ఆ ఫోటోలు ఫోన్‌లో తీసి పెట్టిందెవరని అడగకండి.

వాటిని చిన్నగ చేసి, పాత ఫోటోను వదిలేటట్టు మార్చి, పుస్తకంలో ఉన్న పాటలన్నీ వరుసగ నడిపి చూసిన. ఒక్కసారి కూడ ఆగలె.

ఇప్పుడు మా చర్చిలో స్క్రీన్ మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా మంచిగ నడుస్తుంది. కాకపోతే దాని దిక్కు ఎవరు చూస్తలేరు, నా దిక్కే చూస్తున్నరు. చంటిపిల్లల తల్లులైతే, నేను కంప్యూటర్ దగ్గరికి పోంగనే లేచి వెనక బెంచీలకు పోతున్నరు.